రేడియో లారీ: నిర్మాణము, సంస్కరణము

మోటారు, గేర్లు, చక్రములు, చాసిస్, క్యాబిన్ మొదలగు అంగములలో కొన్నింటిని కొని, కొన్నింటిని స్వహస్తములతో చేసికొని, రాజమార్గముపై తిరుగు లారీకి అనుపాతము చెడని చిన్న ప్రతిరూపమును నిర్మించి, దానిని దూరము నుండి రేడియో తరంగముల సాహాయ్యమున నడుపు విద్యయే రేడియో లారీ నిర్మాణము. ఇందు రెండు శాఖలు కలవు. రేకు, చెక్క, ప్లాస్టిక్ షీటు వంటి ముడిసరకు నుండి లారీని ఆమూలాగ్రము కల్పించుట మొదటిది. అంగడిలో దొరకు బొమ్మ లారీనో, విడిభాగముల పెట్టెగా వచ్చు కిట్‌నో గ్రహించి, దాని గేర్లను, ఇరుసులను, బాడీని మార్చి వేరొక బండిగా తీర్చుట రెండవది. ఆచరణమున ఈ రెంటి నడుమ గట్టి సరిహద్దు లేదు. చాసిస్‌ను తన చేతితో కోసికొన్నవాడు సైతము మోటారును, రిసీవరును కొననే కొనును.

హైదరాబాదునకు దక్షిణ దిశనున్న శంషాబాదు ప్రాంతము ఈ విద్యకు విశేషముగా అనుకూలించును. రంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణము గుండా 44వ సంఖ్య జాతీయ రహదారి కర్నూలు, బెంగళూరుల వైపు సాగిపోవును. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు దానిని ఇచ్చట దాటును. 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునకు సరకు మోయు వాహనములు, గగన్‌పహాడ్, కాటేదాన్ పారిశ్రామికవాడలకు తిరుగు వాహనములు, రాయలసీమకును కర్ణాటకకును పోవు దూరప్రయాణపు వాహనములు ఒక్కచోటనే కనబడును. రెండిరుసుల పాత తొట్టి లారీ మొదలుకొని కంటైనరు నీడ్చు ట్రాక్టరు వరకు, ఇంధనపు ట్యాంకరు మొదలుకొని కార్లను మోయు పొడుగుపాటి ట్రయిలరు వరకు, నమూనాకారునికి వలసిన మాతృకలన్నియు కంటి యెదుటనే నిలిచియుండును. ఛాయాచిత్రమున ఇరుసు క్రిందిభాగము కనబడదు, కమాన్ పట్టీల మందము తెలియదు. దాబా ముందు ఆగియున్న లారీ చెంత డ్రైవరు సమ్మతితో అరగంట నిలిచినచో అవన్నియు తెలియవచ్చును.

మరియొక కారణము చట్టమునకు సంబంధించినది. రేడియో నమూనాల యందు ఆసక్తిగలవారు సాధారణముగా మొదట విమానములవైపు మొగ్గుదురు. అయితే 2021 నాటి డ్రోన్ నియమముల ప్రకారము, పని చేయుచున్న విమానాశ్రయపు ప్రహరీ నుండి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండ ఎగురవేయదగిన పచ్చమండలము లేనేలేదు. 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ 60 మీటర్ల ఎత్తు వరకు మాత్రమే అది కలదు. కావున శంషాబాదు, రాళ్లగూడ, మామిడిపల్లి వంటి చోట్ల నివసించువారికి గగనయానము దాదాపు నిషిద్ధమే. దిగుచున్న విమానము క్రింద చిన్న యంత్రము నెగురవేయుట ప్రాణాపాయమగుటచే ఈ నిషేధము సర్వవిధముల న్యాయమైనది. నేలపై నడచు లారీకి ఈ నియమములు వర్తింపవు. రేడియో విషయమున సైతము చిక్కు లేదు: 2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్‌జ్ వరకు గల తరంగపట్టీని, నిర్ణీత శక్తిపరిమితికి లోబడి, లైసెన్సు అవసరము లేనిదిగా ప్రకటించినది. నేడు వాడుకలోనున్న ట్రాన్స్‌మిటర్లలో అధికభాగము ఈ పట్టీలోనే పనిచేయును.

చరిత్ర

దూరము నుండి రేడియోతో వాహనమును నడిపి లోకమునకు చూపిన ప్రథముడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఆయన ఒక చిన్న పడవను తొట్టిలో తిప్పి చూపెను. ఆ సంవత్సరము నవంబరు 8న దానికి పేటెంటు లభించినది. నేలపై నడచు ఆటబండ్లు వచ్చుటకు ఆరు దశాబ్దములకు పైగా పట్టినది. 1966లో ఇటలీలోని ఎలెట్రోనికా జొకాటోలి సంస్థ 12వ వంతు ప్రమాణమున ఫెరారీ కారును వెలువరించినది. 1976లో జపానుకు చెందిన టమియా సంస్థ తెచ్చిన పోర్షే 934 బ్యాటరీ కారుల యుగమును ఆరంభించగా, 1981 నాటి ఆ సంస్థ హైలక్స్ పికప్, మూడు గేర్లతోను లోహపు చాసిస్‌తోను, వేగముకన్న యథార్థతయే ప్రధానమను మార్గమును చూపినది. 1990ల దశకమున 14వ వంతు ప్రమాణమున వచ్చిన టమియా ట్రాక్టరు లారీలు ఆ ప్రమాణమును ప్రపంచమంతట స్థిరపరచినవి.

మనదేశమున ఈ కిట్లు సామాన్యునకు అందుబాటులో లేకుండుటయే స్వహస్తనిర్మాణమునకు కారణమని చెప్పవచ్చును. కాని దాని వేళ్లు అంతకంటె లోతైనవి. తాటి ముంజకాయలకు పుల్ల గ్రుచ్చి బండి చేసికొని వీధులు తిరిగిన బాల్యము తెలుగునాట తరతరములది. నిర్మలలోను, కొండపల్లిలోను పొణికి చెక్కతోను, ఏటికొప్పాకలో అంకుడు కర్రతోను బొమ్మలు చేయు శిల్పులు తేలిక కర్రను ఎట్లు కోయవలెనో, అతుకవలెనో, రంగు వేయవలెనో శతాబ్దములుగా ఎరుగుదురు. పొణికి చెక్క తేలికయై చాకునకు సులభముగా లొంగును. చిన్న లారీ తొట్టికి పలకలు తీయుటకు విదేశీయమైన బాల్సా చెక్కకంటె అదియే మేలని నా అభిప్రాయము.

ప్రమాణమును కొలతలును

నమూనాకారుడు మొట్టమొదట నిర్ణయింపవలసినది ప్రమాణము. చక్రముల టైర్లు ఏ కొలతలో దొరకునో చూచి, దానిని బట్టి తక్కిన బండిని నిర్ణయించుట అనుభవజ్ఞుల పద్ధతి. టైరును చేతితో చేయుట కష్టము, తక్కినవన్నియు చేయవచ్చును. పాత లారీలకు విరివిగా వాడబడిన 10.00-20 టైరు వ్యాసము సుమారు 1.05 మీటర్లు, దానిని 14తో భాగించినచో 75 మిల్లీమీటర్లు వచ్చును. అంగడిలో 75 మి.మీ. చక్రము చేతికి దొరకినచో 14వ వంతు లారీ పుట్టినట్లే. రోడ్డుపై లారీ వెడల్పునకు చట్టము విధించిన పరిమితి 2.6 మీటర్లు, నమూనాలో అది 186 మి.మీ. అగును. పది మీటర్ల పొడవుగల లారీ 71 సెంటీమీటర్లకు దిగును, అనగా మేజాపై పట్టి, స్కూటరుపై మోయదగిన కొలత.

బరువు లెక్క వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 14వ వంతునకు తగ్గినపుడు ఘనపరిమాణము 2,744వ వంతునకు తగ్గును. మూడిరుసుల లారీకి 2018 సవరణ తరువాత అనుమతింపబడిన మొత్తపు బరువు 28.5 టన్నులు, దానికి సరియగు నమూనా బరువు 10.4 కిలోలు. అనగా, పూర్తి సరకుతో నున్న లారీ ఎట్లు నడచునో చూపగోరువాడు నిండైన పది కిలోల బండిని కదల్పవలసియుండును. నూతనులు ఈ లెక్క తెలియక అట్టతో తేలికైన బండి చేసి, అది గులకరాయి తగిలినప్పుడెల్ల ఎగిరిపడుటను చూచి నిరుత్సాహపడుదురు. వారి బండికి కొరవడినది మోటారు శక్తి కాదు, బరువు. అందులోను క్రిందిభాగమున నుండవలసిన బరువు.

వేగమునకు రెండు లెక్కలు కలవు. గంటకు 60 కి.మీ. పోవు లారీని కేవలము 14తో భాగించినచో 4.3 కి.మీ. వచ్చును, అది మనుష్యుని నడక. కాని గురుత్వాకర్షణము చిన్న బండి కొరకు తగ్గదు గనుక, గుంతలో దిగునపుడు బండి ఊగు తీరు, మలుపులో ఒరగు తీరు నిజమైన లారీ వలె కనబడవలెనన్నచో 14 యొక్క వర్గమూలమగు 3.74తో భాగింపవలెను, అప్పుడు 16 కి.మీ. వచ్చును. ఈ రెండు హద్దుల నడుమ ఎచ్చట నిలువవలెనో నిర్మాతయే తేల్చుకొనవలెను. మందగతి లారీకి అందము. తొందరపడు లారీ ఎంత చక్కగా చేసినను బొమ్మవలెనే యుండును.

చాసిస్, ఇరుసులు, స్టీరింగు

లారీ చాసిస్ నిచ్చెన ఆకారము గలది: రెండు పొడవైన దూలములు, వాని నడుమ అడ్డపట్టీలు. అల్యూమినియపు చానెల్ గాని, కోణపు పట్టీ గాని ఒకటిన్నర నుండి రెండు మిల్లీమీటర్ల మందమున దీనికి చాలును. కిటికీలు, తలుపులు చేయు అల్యూమినియపు పనివారి వద్ద మిగులు ముక్కలు స్వల్పమూల్యమునకు దొరకును. మూడు మి.మీ. బోల్టులతో బిగించిన చాసిస్‌ను విప్పి సవరింపవచ్చును గనుక మొదటి నిర్మాణమున రివిట్లకంటె బోల్టులే ఉచితము. కమాన్ పట్టీలకు సరకు పెట్టెలకు చుట్టు ఉక్కు బద్దీ ప్రశస్తమైనది. దానిని క్రమముగా పొట్టివగు ముక్కలుగా కోసి, కొద్దిగా వంచి, ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ బిగించినచో నిజమైన లారీ పట్టీల కట్ట వలెనే వంగును, లేచును. బేరింగులు, ఇత్తడి బుష్‌లు, ఉక్కు కడ్డీలు సికింద్రాబాదులోని రాణిగంజ్ అంగళ్లలో వెదకిన లభించును.

స్టీరింగు విషయమున అజాగ్రత్త పనికిరాదు. మలుపులో లోపలి చక్రము చిన్న వృత్తమున, వెలుపలి చక్రము పెద్ద వృత్తమున తిరుగును గనుక రెండు చక్రములును సమానకోణమున తిరుగరాదు. ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 300 మి.మీ., చక్రముల నడుమ వెడల్పు 150 మి.మీ. ఉన్న బండి, 600 మి.మీ. వ్యాసార్ధమున మలుపు తిరుగునపుడు లోపలి చక్రము దాదాపు 30 డిగ్రీలు, వెలుపలిది 24 డిగ్రీలు తిరుగవలెను. స్టీరింగు చేతులను వెనుక ఇరుసు మధ్యబిందువు వైపు కొద్దిగా వాల్చినచో ఈ భేదము తనంతట తానే సిద్ధించును. 1818లో ఇంగ్లండున పేటెంటు పొందిన అకర్మాన్ స్టీరింగు ఏర్పాటు ఇదియే. గుర్రపు బండ్ల కొరకు పుట్టిన ఆ లెక్క నేటికిని మారలేదు.

చలనశక్తి

ఇచ్చట రెండు మార్గములు కలవు. మొదటిది 36 మి.మీ. వ్యాసముగల 540 రకపు మోటారును గ్రహించి గేర్‌బాక్సు కట్టుట. 7.2 వోల్టుల వద్ద సామాన్యమైన 540 మోటారు బరువు లేనపుడు నిమిషమునకు సుమారు 15,000 చుట్లు తిరుగును, 75 మి.మీ. చక్రము నడకవేగమున పోవుటకు 300 చుట్లు చాలును. అనగా గేర్ల నిష్పత్తి 50కి 1 కావలెను. ఇంతటి తగ్గింపును కచ్చితముగా అమర్చుట లేతుమిషను గలవారికే సుకరము. రెండవ మార్గము సులభము: గేర్లు లోపలనే బిగింపబడిన 12 వోల్టుల జాన్సన్ మోటారు, 300 చుట్లది. రోబోలు చేయు విద్యార్థుల కొరకు ఇవి మనదేశమున విరివిగా అమ్ముడుపోవుచున్నవి. కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ అంగళ్లకు ప్రసిద్ధము. మొదటి లారీకి జాన్సన్ మోటారే చాలునని నిస్సంశయముగా చెప్పుచున్నాను.

మోటారు చాలునో చాలదో ఊహింపనక్కరలేదు, లెక్కింపవచ్చును. ఆరు కిలోల లారీ 20 డిగ్రీల వాలు ఎక్కుటకు వలయు బలము సుమారు 20 న్యూటన్లు. చక్రపు వ్యాసార్ధము 37.5 మి.మీ. గనుక ఇరుసులన్నింటివద్ద కలిపి 7.7 కిలో-సెంటీమీటర్ల టార్కు కావలెను. ఘర్షణమునకు, గేర్లలోని నష్టమునకు చోటిచ్చి దీనికి రెట్టింపు గల మోటారును ఎన్నుకొన్నచో అది వేడెక్కదు.

రిసీవరు నుండి, స్టీరింగును త్రిప్పు సర్వోకును, మోటారు వేగమును నియంత్రించు స్పీడు కంట్రోలరుకును పోవు ఆజ్ఞ చిన్న విద్యుత్‌స్పందనము. సెకనుకు ఏబది మారులు వచ్చు ఆ స్పందనపు నిడివి 1.5 మిల్లీసెకన్లైనచో చక్రములు తిన్నగా నుండును, 1 నుండి 2 మిల్లీసెకన్ల వరకు మారుచున్నచో ఒక ప్రక్కకో రెండవ ప్రక్కకో తిరుగును. స్పీడు కంట్రోలరు మోటారు తిరుగక ఆగిపోయినపుడు లాగు విద్యుత్తునకు సైతము తాళగలదై యుండవలెను; ఈ నియమమును ఉల్లంఘించినచో పొగ వచ్చును. దీపములు, సూచికలు, ఇంజను ధ్వని కోరువారు ఆర్డుయినో లేక ఈఎస్‌పీ32 అను మైక్రోకంట్రోలరు బోర్డును జతపరతురు.

బాడీయు రంగులును

తెలుగు లారీకి ఆత్మ దాని బాడీయందే కలదు. కర్మాగారము చాసిస్‌ను మాత్రమే ఇచ్చు పద్ధతి చిరకాలము సాగినందున, తొట్టియు, పలుచోట్ల క్యాబిన్‌యు స్థానిక శిల్పుల చేతులలో రూపొందినవి; 1960ల దశకమున వెలసిన విజయవాడ జవహర్ ఆటోనగర్ ఈ పనికి దేశమున పేరెన్నికగన్నది. విదేశీయ కిట్‌ను తెచ్చి అమెరికా లారీని నడుపువాని శ్రమను తక్కువచేయను. కాని చెక్క పలకల తొట్టి, ఇనుప గొలుసులతో వ్రేలాడు వెనుక తలుపు, ముందు అద్దముపై దేవుని పేరు, బంపరుకు కట్టిన నిమ్మకాయలు మిరపకాయలు గల లారీని చేసినవాడు మన రోడ్ల చరిత్రను భద్రపరచినవాడగును.

కొలతలకు చట్టమే కొంత తోడ్పడును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో, నేషనల్ పర్మిట్ లారీ ఎండుటాకు గోధుమరంగున నుండవలెననియు, 30 సెంటీమీటర్ల తెల్లని అంచు తీర్పవలెననియు, ఇరుప్రక్కల 60 సెంటీమీటర్ల వృత్తములో పర్మిట్ అక్షరములు వ్రాయవలెననియు విధింపబడినది. 14వ వంతులో అంచు 21 మి.మీ., వృత్తము 43 మి.మీ. అగును. నంబరు పలక లారీ కాలమును చెప్పును: శంషాబాదు ప్రాంతపు లారీకి 2014కు పూర్వము ఏపీ 28, తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత టీఎస్ 07, 2024 మార్చి నుండి టీజీ 07. పాత గుండ్రని ముఖపు టాటా లారీకి టీజీ పలక తగిలించుట కాలవిరుద్ధము. తెలిసినవాని కన్ను మొదట దానిమీదనే పడును.

బాడీకి మూడు మి.మీ. పీవీసీ ఫోమ్ షీటు సులభసాధనము. దుకాణపు బోర్డులు చేయువారి వద్ద దీని ముక్కలు లభించును. చాకుతో కోయవచ్చును, ఫెవిక్విక్‌తో అతుకవచ్చును, ఉప్పుకాగితముతో నునుపు చేయవచ్చును. త్రీడీ ప్రింటరుతో భాగములు చేయువారు ప్లాస్టిక్ ఎన్నికలో మెలకువ వహింపవలెను: పీఎల్ఏ 60 డిగ్రీల సెల్సియస్ చెంత మెత్తబడును, మే మాసమున ఎండలో నిలిపిన కారు లోపలి వేడిమికే క్యాబిన్ వంగిపోవును, పీఈటీజీ దానికంటె ఓర్చుకొనును. 2023 మార్చి 2న రాయదుర్గములో ప్రారంభమైన టీ-వర్క్స్, 78,000 చదరపు అడుగుల నమూనా నిర్మాణకేంద్రము, యంత్రములతో భాగములు చేయించుకొనదలచువారికి నగరముననే గల అవకాశము.

సంస్కరణములు

కొన్న బండిని మార్చువాడు మొదట గేర్లను, పిదప బరువును, ఆ పిదపనే మోటారును తాకవలెను. చాలమంది ఈ క్రమమును తలక్రిందుచేసి పెద్ద మోటారు పెట్టి ప్లాస్టిక్ గేర్లను నుగ్గుచేసికొందురు. ప్లాస్టిక్ ఇరుసు స్థానమున లోహపు ఇరుసు, బుష్‌ల స్థానమున బేరింగులు, చక్రముల లోపల ఇత్తడి బరువులు అమర్చినచో బండి స్వభావమే మారిపోవును. శంషాబాదు పరిసరములలోని దక్కను గ్రానైటు గుండ్లు ఈ పరీక్షకు తగిన నేల. ఎర్రమొరం, నున్నని రాతిపలక, వానకు కోసుకుపోయిన గండి, మూడును కొలది దూరమున దొరకును. వెనుక డిఫరెన్షియలును, అనగా రెండు వెనుక చక్రములను వేర్వేరు వేగముల తిరుగనిచ్చు గేర్ల కూర్పును, బిగించివేసిన బండి రాళ్లపై ఒక చక్రము గాలిలో లేచినను ఆగదు, అయితే సిమెంటు రోడ్డుపై మలుపు తిరుగుటకు మొండికేయును. కావున ఎచ్చట నడుపుదురో ముందే నిశ్చయించుకొనవలెను.

బ్యాటరీ జాగ్రత్త

సాధారణ లిథియం-పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క సెల్లును 4.2 వోల్టులకు మించి ఎక్కింపరాదు, 3 వోల్టులకు దిగనీయరాదు. 45 డిగ్రీల వేడిమికి మించి చార్జి చేయుట హానికరము గనుక హైదరాబాదు వేసవిలో మధ్యాహ్నము మేడపై చార్జి పెట్టరాదు. నీడ గల చోట, నిప్పంటుకొనని పళ్లెములో, మనుష్యుడు చూచుచుండగా పెట్టవలెను. లారీని విమానములో వెంట తీసికొనిపోవువారు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకొనవలెను, చెక్-ఇన్ సామానులో వేయరాదు. 100 వాట్-గంటల వరకు ప్రత్యేక అనుమతి అవసరము లేదు. 7.4 వోల్టుల, 5,000 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీలో ఉన్నది 37 వాట్-గంటలే.

తుదకు క్యాబిన్లను గూర్చి ఒక మనవి: 2025 అక్టోబరు 1 నుండి తయారగు భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరియైనది. చెక్క చట్రముపై శిల్పి చేతితో కట్టిన క్యాబిన్లు రోడ్డుపై నానాటికి అరుదగుచున్నవి. వానికి నక్షాలు ఎచ్చటను లేవు, అవి వడ్రంగుల చేతికొలతలలోనే ఉన్నవి. శంషాబాదు మార్గమున అట్టి లారీ ఆగియుండుట కనబడినచో డ్రైవరునడిగి, టేపుతో కొలిచి, పొడవు వెడల్పులను, తలుపు కమ్మీలను, అక్షరముల ఎత్తును కాగితముపై వ్రాసికొనవలసినదిగా పాఠకులను కోరుచున్నాను.